బంట్వారంలో పడ్డ వాన

నా చిన్నప్పుడు మా ఊరు బంట్వారం మండలంలో ఉండేది. ఇప్పుడు కోట్‌పల్లి మండలంలోకి వచ్చింది. జిల్లా పేరు కూడా మారింది. మా చేను మాత్రం ఉన్నచోటే ఉంది.

ఒక ఏడు బళ్లో దేశపటం పాఠం చెప్పారు. దేశంలో రాష్ట్రం, అందులో జిల్లా, అందులో మండలం ఒక డబ్బాలో ఇంకో డబ్బాలా ఇమిడి ఉండటం నాకు తెగ నచ్చింది. నైరుతి గాలులు వచ్చి మన వేడి దేశానికి వానలిస్తాయని చదివి, నా పటంలో మా మండలమంతటికీ ఒకే ఆకుపచ్చ రంగు వేశాను.

తొలకరిలో ఒక సాయంత్రం బంట్వారం నుంచి వచ్చిన మా చిన్నాయన, "మండలంల వాన మస్తుగ కొట్టింది" అన్నాడు. మా ఊళ్లోనూ జల్లు పడింది. తెల్లారి నాన్న గొర్రు కట్టి కంది విత్తనాలతో చేనుకు బయలుదేరాడు. మా ఇంట్లో ఉన్న విత్తనం ఒక్కసారికే సరిపోతుంది. మొలక ఎండితే మళ్లీ వేయడానికి గింజ లేదు.

నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్లి నాన్నను ఆపింది. తడి జానెడు లోతుకు దిగితేనే విత్తడం మా దగ్గర పద్ధతి. ఆమె నాచేత మట్టి తవ్వించింది. మా చేను దిగువన, వాగు పక్కన జానెడుకు మించి తడి ఉంది. ఎగువన రెండు వేళ్ల కిందే వెచ్చని పొడి మట్టి తగిలింది.

"గదేంది నాయనమ్మా, రెండూ మన మండలమే గద!"

"వానకు మీ సారు గీసిన గీతలు కనబడ్తయా బిడ్డా?"

నాకు అప్పటికే లెక్కల పిచ్చి. రెండు తడులూ కలిపి సగం చేస్తే సరిపోతుందేమో అన్నాను. నాయనమ్మ పడీపడీ నవ్వింది.

"కింది తడి నడిచిపోయి మీది గింజకు నీళ్లు తాపుతదానే?"

నాన్నకు నవ్వు రాలేదు. "ఊరంత విత్తుతుంటె మనం కూసుందుమా?"

"కూసో కొడుకా. గింజ ఇంట్ల ఉంటె ఫికరెందుకు?"

నాన్న గొర్రును దిగువకు మళ్లించాడు. వాగు పక్క చెక్క మాత్రం విత్తి, మిగిలిన గింజలు ఇంటికి మోసుకొచ్చాడు. తరువాత వాన ముఖం చాటేసింది. ఊళ్లో తొందరపడి విత్తిన ఎగువ చేలల్లో మొలకలు వాడిపోయాయి. మళ్లీ వాన పడ్డ రోజున మా ఇంట్లో విత్తనం ఉంది.

సొంతంగా లెక్కలు నేర్చుకుని ఇప్పుడు తాండూరులో ఉంటూ వానల లెక్కలు కడుతున్నాను. మా వైపు రైతులు ఫోన్ చేసి వానల సగటు అడుగుతుంటారు. చెబుతాను. అయితే అన్నిటికన్నా తక్కువ వాన ఎవరి చేలో పడిందో అడిగి, ముందు ఆ మనిషితో మాట్లాడతాను.