సుబ్బరత్నమ్మ బోల్

సుబ్బరత్నమ్మ చేతికి డబ్బా ఇచ్చి పేషెంటు మూత్రం పట్టుకురమ్మంటే, ఆ పేషెంటు జీవితకథ పట్టుకొచ్చేది. డబ్బా మాత్రం ఖాళీగానే ఉండేది.

ఇందులో ఆవిడ తప్పు సగమే. మిగతా సగం భాషలది. కువైట్‌లో అరబ్బులు మూత్రాన్ని బోల్ అంటారు. హిందీవాళ్లకు బోల్ అంటే మాట్లాడు అని. రాయచోటి నుంచి వచ్చిన సుబ్బరత్నమ్మ ఈ రెండిటిలో తనకు నచ్చింది తీసుకుంది.

రెండువేల అయిదు ప్రాంతాల సంగతి. అప్పుడు నేను సాల్మియాలో ఒక చిన్న కాలేజీలో శుక్రవారాలు ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. మెడికల్ అసిస్టెంటు కోర్సు అది. జబ్బుల పేర్లకు స్పెల్లింగు నేర్పడం నా పని. సిస్టర్ల కాన్వెంటులో చదివినవాణ్ణి కాబట్టి, నాకు రాని జబ్బులకు కూడా స్పెల్లింగు వచ్చు. అసలు పాఠం చెప్పేది క్రిస్టీనా. నర్సాపురం మనిషి, పెద్దాసుపత్రిలో నర్సు. ఆవిడ గదిలోకి వస్తుంటే థర్మామీటర్లలో పాదరసం భయపడి దానంతటదే కిందికి దిగేది.

సుబ్బరత్నమ్మ ఒక అరబ్బు ఇంట్లో పని చేసేది. ఆ ఇంటి యజమానురాలిని అక్కడి పనివాళ్లందరిలాగే మామా, అంటే అమ్మా, అని పిలిచేది. మామా మంచి మనిషి. సర్టిఫికెట్ తెచ్చుకుంటే తన తమ్ముడి క్లినిక్కుకు వీసా మార్పిస్తానంది. తప్పితే మళ్లీ వంటింట్లోకే. ఎప్పుడో పది ప్యాసై, అప్పటినుంచీ గిన్నెలు తోముతున్న మనిషికి బయటపడే దారి అదొక్కటే.

మొదటి శుక్రవారమే క్రిస్టీనా అరబ్బీ మాటలు నేర్పింది. రాస్ అంటే తల, బత్న్ అంటే పొట్ట, ఇబ్రా అంటే సూది. బోల్ దగ్గరికొచ్చేసరికి ముందు బెంచీలో మగవాళ్లున్నారని మొహమాటపడి, "ఈ డబ్బా చేతికిచ్చి బోల్ అనాలి, అంతే" అని బోర్డువైపు తిరిగిపోయింది.

తర్వాత ప్రాక్టీసు. సుబ్బరత్నమ్మకు పేషెంటుగా నన్ను కూర్చోబెట్టారు. డబ్బా నా చేతిలో పెట్టింది.

"బోల్ సార్."

"ఏం బోలమంటావు?"

"ఏదన్నా చెప్పు సార్. మనసులో ఉండేది."

మాట్లాడమంటే ఆగే రకమా నేను? మా కాన్వెంటులో చిలక సంగతి ఎత్తుకున్నాను. ఆ చిలక లాటిన్‌లో ప్రార్థన చేసేదనీ, ఒకనాడు ఫాదరుగారు ఒక ముక్క మింగేస్తే పంజరంలోంచి అందించిందనీ, ఆ తర్వాత ఆయన పూజకు ముందు దానికి అప్పజెప్పి వెళ్లేవారనీ చెప్పాను. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నది. అయిపోయాక డబ్బా తీసుకుని మూత బిగించి, నా పేరు రాసిన చీటీ అంటించి ట్రేలో పెట్టింది.

క్రిస్టీనా డబ్బా ఎత్తి వెలుతురుకు పట్టి చూసింది. "ఇందులో ఏముందమ్మా?"

"సార్ చెప్పిందంతా అందులోనే ఉండాది అక్కా."

క్రిస్టీనా ఆమెను పక్కకు తీసుకెళ్లి చెవిలో అసలు అర్థం చెప్పింది. సుబ్బరత్నమ్మ అట్లనా అని చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఇక గొడవ లేదనుకున్నాం. తర్వాతి శుక్రవారం మళ్లీ అదే డబ్బా, అదే బోల్. చెప్పింది బుర్రకెక్కలేదనుకున్నాం.

మా విద్యార్థులకు చెయ్యి తిరగాలని కాలేజీలో ఉచితంగా బీపీ, షుగరు చూసేవాళ్లు. ఒకసారి గ్యారేజీలుండే షువైఖ్ నుంచి ఒక పంజాబీ మెకానిక్కు వచ్చాడు. బోల్ అనగానే క్లచ్ ప్లేటు దగ్గర మొదలుపెట్టి, చిన్నప్పుడు మేనమామ కొట్టిన దెబ్బల దాకా వెళ్లాడు. ఆమెకు పంజాబీ రాదు, అతనికి తెలుగు రాదు. అయినా ఇద్దరూ నవ్వాల్సిన చోటే నవ్వారు, నిట్టూర్చాల్సిన చోటే నిట్టూర్చారు. తర్వాతి వారం గ్యారేజీ గ్యారేజీ అంతా దిగింది. ఒక్కడికీ జబ్బు లేదు. బోల్ ఇచ్చి పోదామని వచ్చామన్నారు. ఆ రోజు బండ్లు బాగుచేసే నాథుడు లేక కువైట్ సగం నడిచి ఇంటికి పోయిందని నేను ఇప్పటికీ మనవలతో చెబుతుంటాను.

క్రిస్టీనాకు మాత్రం నవ్వు రాలేదు.

"మాస్టారండీ, ఈవిడ పాసవదండి. పాఠం రాక కాదండి. బీపీ చూడ్డంలో ఎవరికీ తీసిపోదు. ఈ బోల్ ఒక్కటే ముంచేస్తుందండి."

పరీక్ష ముందురోజు క్రిస్టీనా ఆమెచేత ఒట్టు వేయించుకుంది. డబ్బా ఇయ్యి, నోరు ముయ్యి, అంతే అంది. సుబ్బరత్నమ్మ బుద్ధిగా తలూపింది.

పరీక్ష పెట్టడానికి బయటినుంచి ఒక ఈజిప్టు డాక్టరు వచ్చాడు. పెద్ద మీసం, బల్లమీద ఒక గంట కొట్టే గడియారం. గంట మోగేలోపు బీపీ చూడాలి, నాడి చూడాలి, డబ్బా నింపించి తేవాలి. డబ్బా ఖాళీ అయితే ఫెయిలే.

సుబ్బరత్నమ్మకు దక్కిన పేషెంటు చిన్నపుల్లయ్య. వఫ్రాలో టమాటా తోటలో పనివాడు. ఆ ఎడారి అంచు నుంచి వ్యానులో తీసుకొచ్చారు. జబ్బేదైనా బయటపడితే ఇంటికి పంపేస్తారని అతని భయం. బీపీ మిషనులో ముల్లు ఎగిరెగిరి పడింది. డబ్బా పట్టుకుని బాత్‌రూమ్‌కు వెళ్లాడు, ఖాళీ డబ్బాతో వచ్చాడు. మళ్లీ వెళ్లాడు, మళ్లీ ఖాళీయే. బిగుసుకుపోయిన మనిషికి అదెలా వస్తుంది?

గడియారం సగం దాటింది. తలుపు దగ్గర నుంచి క్రిస్టీనా కళ్లతోనే బెదిరిస్తోంది. సుబ్బరత్నమ్మ ఆవిడవైపు చూసింది. గడియారంవైపు చూసింది. స్టూలు లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"బోల్ నాయనా."

క్రిస్టీనా తలుపుకు తల ఆనించేసుకుంది.

"ఏం చెప్పల్ల అక్కా?" అన్నాడు చిన్నపుల్లయ్య.

"యా ఊరు మీది?"

"సుండుపల్లి."

"మాది ఆ పక్కన రాయచోటే. పొద్దున బువ్వ తింటివా?"

అంతే, అతని నోటి తాళం ఊడిపడింది. తోటలో తెలుగు మాట్లాడే మనిషే లేడట. మేకలతోనే మాట్లాడతాడట. ఒక మేకకు పెళ్లాం పేరు పెట్టాడట. ఆ పేరు పెట్టిన రోజునుంచీ అది తన మాట వినడం మానేసిందట. సుబ్బరత్నమ్మ విరగబడి నవ్వింది. అతనూ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగి, కాళ్లు దగ్గరికి ముడుచుకున్నాడు.

"అక్కా, ఆ డబ్బా ఇట్లియ్యి, బిర్నె."

అతను డబ్బా పట్టుకుని పరుగెత్తడం, మూత పట్టనంత నింపుకుని తిరిగి రావడం, గంట మోగడం ఒక్కసారే జరిగాయి.

"ఫీ బోల్?" అన్నాడు డాక్టరు. బోల్ ఉందా అని.

సుబ్బరత్నమ్మ డబ్బా బల్లమీద పెట్టింది. "దోనో ఫీ, డాక్టర్."

రెండూ ఉన్నాయంది. మన దేశం పేషెంట్ల మధ్య తల నెరిసి, హిందీ వంటబట్టిన డాక్టరు ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత మీసం అదిరేలా నవ్వి ప్యాసు వేశాడు.

నా బుర్ర మాత్రం ఆ దోనో దగ్గరే ఆగిపోయింది. రెండూ అనాలంటే రెండూ తెలిసుండాలి కదా. వరండాలో పట్టుకుని అడిగాను.

"మా ఇంట్లో పెద్ద మామాకు, అదే మా మామా వాళ్లమ్మకు, మంచంలోనే బోల్ పట్టి ఎత్తిపోసినదాన్ని సార్. నాకు తెలీకుండా ఉంటాదా?"

"మరి ఇన్నాళ్లూ ఆ వేషం ఏమిటి?"

"నీ బాధ చెప్పుకో అంటే ఎవురు చెప్తారు సార్? సిగ్గుపడతారు. ఇదెవురో తెలివిలేనిది, తప్పడగతాందిలే అనుకుంటే నవ్వుకుంటా చెప్పుకుంటారు. నువ్వు చెప్పలేదా?"

"నేను చెప్పినవన్నీ కోతలు."

"తెలుసు సార్. చిలకకు లాటిన్ యాడొస్తాది? ఆ పొద్దు నువ్వు మొకం మాడ్చుకోని వచ్చినావు. పోయేటప్పుడు ఈల వేసుకుంటా పోతివి."

ఆమె క్లినిక్కులో చేరింది. అక్కడ పేషెంట్ల వరస రోడ్డు దాటి సముద్రం దాకా వెళ్లిందని విన్నాను. విన్నాను అంటే, నేనే అందరికీ చెప్పాను.

ఇప్పుడు నాకూ షుగరు. మొన్న కాకినాడలో ల్యాబుకు వెళితే, అక్కడి అమ్మాయి ఫోను చూసుకుంటూ నా చేతిలో డబ్బా పెట్టింది. నేను కదలకుండా కూర్చున్నాను.

"ఏంటి తాతగారూ, వెళ్లలేదా?"

"నువ్వు ఇంకా బోల్ అనలేదు కదమ్మా."

ఆ పిల్లకు అర్థం కాలేదు. ఇక లాభం లేదని, మా కాన్వెంటులో ఒక చిలక ఉండేదమ్మా అని నేనే మొదలుపెట్టాను. కథ లాటిన్ దగ్గరికొచ్చేసరికి ఆ పిల్ల ఫోను బల్లమీద బోర్లించి, స్టూలు దగ్గరికి లాక్కుంది.