స్తంభాలు కూలని తుఫాను

వరదానం ఇరవై ఎనిమిదేళ్లుగా నర్సీపట్నంలో లైన్‌మన్. తుఫాను ఎంత పెద్దదో తెలుసుకోవడానికి ఆయనకు టీవీ అక్కర్లేదు. ఎన్ని కరెంటు స్తంభాలు కూలాయన్నదే ఆయన కొలత. హుద్‌హుద్ తుఫాను నాడు ఆయన కళ్లెదుటే సిమెంటు స్తంభాలు చెరుకుగడల్లా వరసగా విరిగిపడ్డాయి. ఎగిరొచ్చిన రేకు తోటి లైన్‌మన్ జోగులు మెడను కోసేసింది. వరదానం రెండు చేతులతో ఆ గాయాన్ని అదిమిపట్టాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం ఎగజిమ్ముతూనే ఉంది. అంబులెన్సు వచ్చే దారిలో అడుగడుగునా చెట్లే. జోగులు ఆయన ఒళ్లోనే పోయాడు.

ఆ తర్వాత ఏ తుఫాను వచ్చినా ఆయనకు చిన్నదిగానే కనిపించేది. "దాని ముందు ఇదేపాటి?" అనేవాడు.

నాలుగేళ్ల కిందట మరో తుఫాను వచ్చింది. తీరం దాటకముందే బలహీనపడి వాయుగుండమైందని పొద్దున వార్తల్లో చెప్పారు. కొయ్యూరు వెళ్లే దారిలో, కొండవాగు ఒడ్డున ముప్పై గడపల ఊరొకటుంది. ఆ వాగును అక్కడివాళ్లు గెడ్డ అంటారు. ముందురోజే ఊరి జనాన్ని మెరక మీదున్న బడిలోకి చేర్చారు. ఊరికి కరెంటు సరఫరా ఆపడానికి వరదానం అక్కడికి వెళ్లాడు. రెండు రోజులుగా వాన తెరిపి లేకుండా కురుస్తోంది, గాలి మాత్రం లేదు.

బడి గుమ్మంలో పెదబాబు, అతని భార్య సోమలమ్మ ఎదురయ్యారు.

"మేకల్ని పాకలో కట్టీసి ఒచ్చినాం బాబూ. ఇప్పుకొని తెచ్చుకుంటాం. ఎల్లొచ్చా?" అని అడిగాడు పెదబాబు. ఆ ఊళ్లో మొదటి బల్బు వెలిగించింది వరదానమే. ఆయన మాటంటే అక్కడ గురి.

వరదానం తల పైకెత్తి చూశాడు. తీగలు కదలడం లేదు.

"ఒక్క స్తంభం ఒరగనేదు, ఇదీ ఒక తుఫానేటి! ఎల్లి బేగి ఒచ్చీయండి."

"గెడ్డ నీరు ఎర్రగా దిగుతంది బాబూ," అంది సోమలమ్మ.

"వానకి ఎర్రగా రాక తెల్లగా వస్తాదేటమ్మా?"

వాళ్లు వెళ్లిన పావుగంటకి కొండ మీంచి లారీలు ఒకదానికొకటి గుద్దుకున్నట్టు చప్పుడైంది. వరదానం పరుగెత్తాడు. గెడ్డ నీళ్లలా లేదు. బండలూ, వేళ్లతో సహా లేచిన చెట్లూ, బురదా కలిసి మనిషెత్తు గోడలా దిగుతున్నాయి. ఆయన చూస్తుండగానే ఒక ఇల్లు నిలబడ్డ చోటే నుజ్జయింది. మేకల అరుపు ఒక్కసారి వినిపించి ఆగిపోయింది.

పాక గోడ పెదబాబు నడుము మీద పడింది. పెద్ద దుంగ ఒకటి వచ్చి అతని ఛాతీని గోడకేసి నొక్కేసింది. సోమలమ్మ ఒక చేత్తో జీడిచెట్టు కొమ్మనూ, ఇంకో చేత్తో మొగుడి చేతినీ పట్టుకుని కేకలు పెడుతోంది. వరదానం భుజాన ఉన్న తాడును స్తంభానికి బిగించి, రెండో కొస నడుముకి కట్టుకుని దిగాడు. రాళ్లు మోకాళ్లను చితగ్గొట్టాయి. దుంగను తోశాడు, కదల్లేదు. పెదబాబు నోట్లోంచి నెత్తురు, బురద కలిసి వస్తున్నాయి. జీడిచెట్టు వేళ్లు ఫటఫటా తెగుతున్నాయి.

"సెయ్యి ఒదిలీ అమ్మా!"

"ఒదల్ను! ఆడ్ని తియ్యి ముందు!"

మొగుడి చేతిని పట్టుకున్న ఆమె వేళ్లను వరదానం ఒక్కొక్కటే విరిచినట్టు విడదీశాడు. ఆమె ఆయన మణికట్టు కొరికింది, ముఖం రక్కింది. ఆఖరి వేలు విడేసరికి పెదబాబు ఇంకా వాళ్లవైపే చూస్తున్నాడు. వరదానం తాడు పట్టుకుని ఆమెను ఒడ్డుకు లాగాడు. ఇంకో కెరటం వచ్చింది. పాక ఉన్న చోట పాక లేదు.

రెండో రోజున శవం దొరికింది. పోస్టుమార్టానికి నర్సీపట్నం ఆసుపత్రికి తెచ్చారు. జనం అందరూ వింటుండగా వరదానం అన్నాడు: "ఎల్లమన్నది నానే. తప్పు నాదే." సోమలమ్మ చేతికందిన రాయి తీసి ఆయన తల మీద కొట్టింది. రెండో దెబ్బకి నలుగురు వచ్చి పట్టుకున్నారు. ఆయన చెయ్యి అడ్డం పెట్టలేదు.

ఆ వారమే నష్టం కాగితం నింపాల్సి వచ్చింది. కూలిన స్తంభాలు ఎన్ని అని ఉంది. సున్నా తప్ప రాయడానికి నిజమేమీ లేదు. రాసి సంతకం పెట్టాడు. ఇంటికొచ్చి భార్య దయావతితో, "ఇన్నేళ్లూ గాలినే సూశాను. కొండ మీద ఎంత కురిసిందో ఒక్కనాడు అడగనేదు" అన్నాడు.

అప్పటినుంచి అడగడం మొదలుపెట్టాడు. వాన మొదలైతే చాలు, కొండ మీద తెలిసినవాళ్లకి గంటగంటకీ ఫోన్లు చేసేవాడు.

పోయినేడాది మళ్లీ తుఫాను. కొండ మీద కుండపోత అని తెలియగానే సెలవు పెట్టి ఆ ఊరి జనం తలదాచుకున్న బడి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. పెదబాబు తమ్ముడు చిట్టిరాజు గేదె కింద గెడ్డ ఒడ్డు పాకలో ఈనడానికి ఉంది.

"తప్పుకో! అప్పుడు ఎల్లమని మా అన్నని సంపినావు. ఇప్పుడు ఒద్దని గేదెని సంపుతావా?"

"కొట్టు. గాని పంపను."

చిట్టిరాజు కొట్టాడు. ముక్కు పగిలి చొక్కా తడిసింది. రెండో గుద్దుకి వరదానం గడప మీద కూలబడ్డాడు గాని జరగలేదు. అప్పుడు లోపల్నుంచి సోమలమ్మ కర్ర పట్టుకుని వచ్చింది. వరదానాన్ని కొడుతుందనుకున్నారంతా. ఆమె వచ్చి గడప రెండో వైపు కూర్చుంది.

"నన్ను దాటెల్లు సూద్దాం," అంది మరిదితో.

సాయంత్రానికి వాన వెలిసింది. గెడ్డ ఒడ్డు కూడా దాటలేదు. దూడ అడ్డం తిరిగి, చూసే దిక్కులేక గేదె కడుపులోనే చచ్చింది. చిట్టిరాజు ఆ దూడను తెచ్చి వరదానం కాళ్ల దగ్గర పడేశాడు. వరదానం చొక్కా విప్పి దాన్ని అందులో చుట్టి, గొయ్యి తియ్యడానికి గునపం అడిగాడు.

సోమలమ్మ గునపం తెచ్చి ఇచ్చింది.