పలకలతో నిలబడిన వాక్యం

మా ఇంగ్లీషు సారు పోయారని జహీరాబాద్ నుంచి తమ్ముడు రాసిన కార్డు నిన్న మా దవాఖానకు వచ్చింది. వార్డులోనే, మందుల బల్ల పక్కన నిలబడి చదివాను. ఈ రోజు నేను నర్సు బట్టల్లో తిరుగుతున్నానంటే అది ఆయన చలవే.

సారు ఉర్దూలో చదువుకున్న మనిషి. ఇంగ్లీషు సొంతంగా నేర్చుకున్నారట. తరగతిలో ఒక్కో పలక మీద ఒక్కో ఇంగ్లీషు మాట రాసి, మా చేతికిచ్చి వరుసగా నిలబెట్టేవారు. మేమంతా కలిస్తే ఒక వాక్యం: 'ఐ హ్యావ్ నెవర్ సీన్ ఇట్'.

"మనం 'నేనే' అంటం. బరువంత ఆ 'ఏ'లనే ఉంటది. ఇంగ్లీషోళ్లకు అది లేదు, పాపం. గందుకే మాటనే తెచ్చి ముందట నిలవెడ్తరు" అంటూ నడుమనున్న 'నెవర్'ను మొదటికి నడిపించేవారు. అది రాగానే 'ఐ', 'హ్యావ్' చోట్లు మార్చుకోవాలి. నేను 'హ్యావ్'ని. ఒక్క అడుగు జరిగితే అవే మాటలు 'నెవర్ హ్యావ్ ఐ సీన్ ఇట్' అని గర్జించేవి. ఇదేం మాయరా దేవుడా అనుకునేదాన్ని.

మెట్రిక్ పాసయ్యాక నర్సు ట్రైనింగు ఫారం గడువు ఆఖరి రోజున చేతికందింది. "నసీబ్‌ల లేదు, ఇడిసిపెట్టు" అన్నాడు నాయన. నేను ఏడ్చి మొత్తుకుంటే చివరికి తనే, గడువు దాటినా నా ఫారం తీసుకొమ్మని ట్రైనింగు బడి పెద్ద మేడమ్‌కు పాత అర్జీల పద్ధతిలో చెప్పి రాయించాడు. పేజీన్నర సలాములు, అడుగున ఎక్కడో అసలు సంగతి.

నాయనా నేనూ తీసుకెళ్లి చూపిస్తే సారు చదివి నవ్వారు. "ఆ మేడమ్ కన్ను నీ కాయితంల ఏడ ఆగాలె బిడ్డా?"

"ఫారం ఆఖరి రోజు అందిందన్న కాడ, సార్."

"మరి గది ముందట వెట్టు."

"సలాం లేకుంట సర్కారుకు రాస్తరా?" నాయన నసిగాడు.

"కింద వెడ్దాం తియ్యి. సలాం ఎటువోదు."

ఆయన ఒక్క మాటా రాసివ్వలేదు. ఏడుసార్లు నాతోనే ఇంగ్లీషులో తిరగరాయించారు. 'ఇట్ వాజ్ ఓన్లీ ఆన్ ది లాస్ట్ డే' అని మొదలైన ఆ ఉత్తరాన్ని పైకి చదువుకున్నాను. ఇది రాసింది నేనేనా?

సీటిచ్చామని జవాబొచ్చిన రోజు బడికి పరుగెత్తాను. సారు పాఠం మధ్యలో ఉన్నారు. గుమ్మంలోనే కాగితం అందుకొని, కుర్చీలో కూర్చొని రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీసి, మెల్లగా లేచి నా వైపు తిరిగి నిలబడ్డారు. సారు లేచారని తరగతంతా లేచింది.