మా ఆయనకు పదమూడేళ్లు

తప్పు చేసి దొరికిన పిల్లలతో ఎలా మాట్లాడాలో ఆస్ట్రేలియాలో మేముండే టూవూంబా ఊళ్లో పోలీసులకు శిక్షణ ఇస్తున్నారు. అందులో నటించడానికి మనుషులు కావాలంటే మేమిద్దరం వెళ్లాం. షాపులో చాక్లెట్లు ఎత్తుకొచ్చిన పదమూడేళ్ల పిల్లాడు మా ఆయన. అసలు వయసు యాభై నాలుగు, బట్టతల. నేను తల్లిని. పిల్లాడికి ధైర్యంగా పక్కన కూర్చుంటే చాలన్నారు.

కుర్ర కానిస్టేబుల్ మోకాళ్ల మీద కూర్చుని, "భయపడకు, అమ్మ పక్కనే ఉంది. నెమ్మదిగా చెప్పు" అన్నాడు.

మా ఆయన తల వంచుకున్నారు. ఆ వాలకం చూసేసరికి నాకు ఒళ్లు మండింది. చెవి పట్టుకుని మెలేసి, "అడుగుతుంటే చెప్పవేంరా" అన్నాను. కానిస్టేబుల్ వైపు తిరిగి, "సార్, వీణ్ణి రెండ్రోజులు లోపలెయ్యండి" అని ఇంగ్లీషులో కూడా చెప్పాను.

పిల్లాడి క్షేమం కోసమంటూ నన్ను మర్యాదగా బయటికి పంపేశారు. అద్దంలోంచి చూస్తే మా ఆయన చాక్లెట్ పాలు తాగుతూ కానిస్టేబుల్‌కి ఏదో చెప్పుకుంటున్నారు. కళ్లు కూడా తుడుచుకున్నారు.

తిరుగు దారిలో కారు నేనే నడిపాను. పక్క సీట్లోంచి ఆయన, "చిన్నప్పుడు నన్ను ఎవరైనా అలా అడిగుంటే, అప్పుడే నిజం చెప్పేసేవాణ్ణి" అన్నారు.

"ఏం నిజం? ఏం చేశారేంటి?" అన్నాను.

ఆయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆ నిజమేమిటో ఆ కుర్ర కానిస్టేబుల్‌కి తెలుసు. పాతికేళ్లుగా కాపురం చేస్తున్న నాకు ఇప్పటికీ తెలియదు.