తూము లేని రోడ్డు

పామర్రు అవతల, పెద్ద రోడ్డు నుంచి మూడు మైళ్లు లోపలికి ఉన్న ఊళ్లో నాకు నర్సు ఉద్యోగం వచ్చింది. డెబ్భైల్లో మాట. ఆ మూడు మైళ్ల కంకర రోడ్డుని నేనున్నన్నాళ్లలో మూడుసార్లు వేశారు, రెండుసార్లు తవ్వారు. వేసింది ప్రభుత్వం, తవ్వింది ఊరి రైతులు. ఇద్దరి మీదా నాకు ఇప్పటికీ కోపం ఉంది. నా మీద నాకున్న కోపం ముందు అదేమంత పెద్దది కాదు.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. పెళ్లయి ఏడాది. ఆయన బెజవాడలో ఒక ఆఫీసులో గుమస్తా. అక్కడ వాళ్ల అక్కగారి కుటుంబంతో కలిసి రెండు గదుల వాటాలో ఉండేవారు. నాకు బదిలీ దొరికేదాకా ఆయన శనివారం సాయంత్రం బస్సుకి వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్లేటట్టు అనుకున్నాం. తీరా నేను జూలైలో చేరేసరికి రోడ్డుకి అడ్డంగా నడుము లోతు గండి, దాని మీద రెండు తాటి దుంగలు. బస్సు పెద్ద రోడ్డు మీదే ఆగిపోయేది. మొదట్లో ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, నల్లమట్టి బురదలో మూడు మైళ్లూ నడిచి వచ్చేవారు. వస్తూనే ఏదో ఒక జోకు వేసేవారు. క్రిస్మస్ నాటికి అది నెలకోసారి అయింది. ఆ తర్వాత ఉత్తరాలు. ఆ రోడ్డు బాగుపడనీ, వారం వారం వస్తాను అని ప్రతి ఉత్తరంలోనూ రాసేవారు. నేను నమ్మాను. నమ్మకపోతే ఆ ఊళ్లో ఎలా ఉండను?

ఊళ్లో నాకు ఏ లోటూ లేదు. పాలు, కూరలు గుమ్మంలోకే వచ్చేవి. చిన్నా పెద్దా అందరూ "నర్సమ్మగారూ" అనేవారు. పురిటికో సూదిమందుకో పిలిచేవారు, పని కాగానే చేతులు కడుక్కోవడానికి నీళ్లిచ్చి గుమ్మం దాకా సాగనంపేవారు. కూర్చోమనేవాళ్లు మాత్రం లేరు. నేను అద్దెకున్న ఇంటి పెద్దావిడ రోజూ అరుగు మీద బియ్యం ఏరుకుంటూ ఉండేది. నేను కనిపిస్తే పలకరించి మళ్లీ చేటలోకి చూసుకునేది. ఆ ఊళ్లో మా మతంవాళ్లు లేరు, చర్చికి పామర్రు వెళ్లాల్సిందే. గండి ఉన్నన్నాళ్లూ ఆదివారం నా గదిలో నేనే పాట ఎత్తుకుని, నేనే ఆమెన్ అనుకునేదాన్ని. ఎవరితోనైనా ఊరికే మాట్లాడాలని ప్రాణం కొట్టుకునేది.

ఒక్క ప్రశ్న మాత్రం అందరూ అడిగేవారు, మీవారు రాలేదేమండీ అని. రోడ్డు లేదుగా అనేదాన్ని. వెంటనే అందరూ రోడ్డుని తిట్టేవారు. వాళ్లు నా తరఫున తిడుతున్నట్టు అనిపించి కొంచెం హాయిగా ఉండేది.

మొదటి ఏడు కోతలయ్యాక ఇంటి పెద్దాయన తెల్లకాగితాలు తెచ్చి, రోడ్డు గురించి అర్జీ రాసిపెట్టమన్నారు. ఆయన పెద్ద రైతు, ఊళ్లో ఆయన మాటే మాట. నేను ఒళ్లు దాచుకోకుండా రాశాను. గోతులు, బురద, నిలిచిపోయిన బస్సు, మంచాల మీద మోసుకుపోయే రోగులు, ఒక్కటి వదల్లేదు. నా శనివారాల సంగతి రాయలేదు గానీ, అంత గట్టిగా రాయించింది అదే. పెద్దాయన విని, బాగుందమ్మా అని సంతకం చేశారు. మిగతావాళ్లు ఆయన తర్వాత చేశారు.

ఏప్రిల్లో రోడ్డు రోలరు వచ్చింది. మే మధ్యకల్లా నున్నటి రోడ్డు పడింది. మొదటి బస్సుకి దండ వేసి కొబ్బరికాయ కొట్టారు. నేను కొత్త దుప్పటి కొని మంచం మీద పరిచాను. మొదటి శనివారం ఆయన రాలేదు. ఆఫీసులో పనేమో అనుకున్నాను. రెండో శనివారమూ రాలేదు. మూడో శనివారం వచ్చి, ఆదివారం భోజనం కాగానే వెళ్లిపోయారు. ఉన్నంతసేపూ పేపరు చదివారు. ఉన్న ఒక్క పేపరే రెండుసార్లు చదివారు. నాలుగో శనివారం నేను బస్సు దగ్గరికి వెళ్లలేదు, కిటికీలోంచి చూశాను. మర్నాడు నూతి దగ్గర ఎవరో, బస్సు వస్తోందిగా, మీవారు రాలేదేమండీ అన్నారు. బిందె నిండకుండానే ఎత్తుకుని వచ్చేశాను.

జూన్లో కాలువలు వదిలారు. ఒకరోజు పొద్దున చూద్దును కదా, పెద్దాయనే దగ్గరుండి రోడ్డుని అడ్డంగా తవ్విస్తున్నారు. నాకు మతిపోయింది. ఇదేమిటండీ అని పరుగెత్తుకెళ్లాను.

"నీళ్లు అవతలికి పోవద్దా అమ్మా? మా పొలాలన్నీ అవతలే గదా," అన్నారు ఆయన.

మాది మైలవరం వైపు మెట్ట ఊరు. వేసవిలో కాలువలు కట్టేస్తారనీ, జూన్లో వదులుతారనీ, ఆ నీళ్లు రోడ్డు దాటాలంటే కింద తూము ఉండాలనీ నాకు తెలియదు. ఆ గండి వానలకి పడిందనుకునేదాన్ని. ఇంజనీర్లు ఎండల్లో వచ్చి చూసేవారు. అప్పటికి రైతులే గండి పూడ్చి బండ్లు తోలుకుంటూ ఉండేవారు. పొలాలకి నీళ్లు పారే బోదెలు పశువులు తొక్కి చదునైపోయేవి. చుక్క నీరు కనబడని చోట తూము ఎందుకని ఇంజనీర్లు రాసుకునేవారు కాదు. రైతులు ఎంత మొత్తుకున్నా మేస్త్రీ, రోడ్డుకే శాంక్షనయింది, తూముకి కాలేదు అనేవాడట. ఆ సంగతి అర్జీలో రాయమని ఎందుకు చెప్పలేదని పెద్దాయనని అడిగాను. ఆయన నావైపు వింతగా చూశారు.

"ఊరందరికీ తెలిసిందే గదమ్మా."

ఆ ఊరందరిలో నేను లేనని ఆయనకి తోచలేదు. ఏడాది పాటు ఆ ఊరి పురుళ్లన్నీ పోసి, ఆ ఊరి నీళ్లు ఎటు పారతాయో తెలియకుండా బతికాను. చెప్పేంతసేపు నా దగ్గర ఎవరూ కూర్చోలేదు మరి. గదిలోకి వచ్చి ఏడ్చాను.

సాయంత్రం దుకాణంలో మళ్లీ అదే ప్రశ్న. "రోడ్డు తెగిందిగా," అన్నాను. ఆ మాట అనగానే నా ప్రాణం కుదుటపడింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, జరిగింది అది.

రెండో ఏడు కోతలయ్యాక పెద్దాయన మళ్లీ కాగితాలు తెచ్చారు. ఈసారి తూము సంగతే ముందు రాయమన్నారు. రాశాను. ఇల్లిల్లూ తిరిగి సంతకాలు, వేలిముద్రలు వేయించి, పామర్రు వెళ్లినప్పుడు పోస్టు చేయమని నా చేతికే ఇచ్చారు. నేను దాన్ని ట్రంకుపెట్టెలో పెళ్లిచీర కింద పెట్టాను. పామర్రు చాలాసార్లు వెళ్లాను, అది మాత్రం తీయలేదు. అర్జీ వెళ్తే తూము వేస్తారో లేదో ఎవరికి తెలుసు? తూము పడితే రోడ్డు తెగదు. రోడ్డు తెగకపోతే, మీవారు రాలేదేం అన్నవాళ్లకి చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండదు. నాకు తెలిసింది అంతే.

ఎవరూ అడక్కుండానే ఆ వేసవీ రోలరు వచ్చింది. వచ్చిన డబ్బు ఖర్చు చేయకపోతే వెనక్కి పోతుందట. తూము లేకుండానే మళ్లీ రోడ్డు వేశారు. జూన్లో మళ్లీ తవ్వారు. మన సొమ్మంతా మట్టిపాలు చేస్తున్నారు, గవర్నమెంటుకి కళ్లు లేవు అని ఊరంతా తిట్టింది. వాళ్లతో కలిసి నేనూ తిట్టాను.

ఆగస్టులో పెద్దాయన కూతురికి నొప్పులు వచ్చాయి. పురిటికి పుట్టింటికి వచ్చిన పిల్ల. బిడ్డ అడ్డం తిరిగింది, నా వల్ల కాదు, పామర్రు తీసుకెళ్లాలి అని చెప్పేశాను. మంచం మీద పడుకోబెట్టి మోసుకుంటూ బయల్దేరాం. వాన పడుతోంది. గండి దగ్గర తాటి దుంగలు రెండూ నీళ్లకి కొట్టుకుపోయాయి. మోసేవాళ్లు నడుం లోతు నీళ్లలోకి దిగి మంచాన్ని తలల మీదికి ఎత్తారు. ఒక కోడు పెద్దాయన పట్టుకున్నారు. ఆ వయసులో ఆయన కాళ్లు వణకడం నేను చూశాను. మంచం ఒక పక్కకి ఒరిగింది. ఆ పిల్ల అమ్మా అని అరిచింది. ఎలాగో అవతలి గట్టు ఎక్కారు.

పెద్దాయన ఊపిరి తీసుకుని నావైపు తిరిగారు. "మీరు రాయడం చక్కగానే రాశారమ్మా. మన ఖర్మ, వాళ్లు చదవలేదు."

దారి పొడుగునా ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నడిచాను. దేవుడి దయవల్ల తల్లీబిడ్డా దక్కారు. మర్నాడే ట్రంకులోంచి అర్జీ తీసి, తారీఖు మార్చి, ఆ గండి దాటి నడిచి వెళ్లి పామర్రులో రిజిస్టరు పోస్టు చేశాను. పెద్దాయనకి మాత్రం నిజం చెప్పలేకపోయాను. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

మరుసటి వేసవి కంకర కంటే ముందు సిమెంటు గొట్టాలు వచ్చాయి. జూన్లో నీళ్లు రోడ్డు కిందనుంచి అవతలికి పారుతుంటే ఊరంతా వెళ్లి చూసింది. నేనూ వెళ్లాను. ఆ శనివారం బస్సు వేళకే వచ్చింది. దిగినవాళ్లలో ఆయన లేరు. ఉత్తరాలు రావడం అప్పటికే మానేశాయి.

ఇంటికొస్తుంటే అరుగు మీద పెద్దావిడ బియ్యం ఏరుతోంది. "రోడ్డు బాగానే ఉందిగా నర్సమ్మగారూ, మీవారు రాలేదేమండీ?" అంది.

"రోడ్డు బాగానే ఉందండీ. ఆయనే రారు," అన్నాను.

ఆవిడ చేట దించి నా మొహంలోకి చూసింది. తర్వాత అరుగు మీద కాస్త పక్కకి జరిగింది.

"కూర్చో అమ్మా," అంది.