బాపు అడిగిన రసీదు

జర్మనీలో మేముండే కాట్‌బస్‌లో చాలామంది జుట్టు కత్తిరించుకోవడానికి శనివారం రైలెక్కి పోలండ్ వెళ్తారు. అక్కడ ధర తక్కువ. మొదట్లో నాకిది వింతగా అనిపించేది. మా నాన్న విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు మాత్రం నేనూ అదే పని చేశాను. ఆయన్ని ఇంట్లో అందరం బాపు అంటాం. క్షవరమూ అవుతుంది, ఇంకో దేశం చూపించినట్టూ ఉంటుంది అనుకున్నాను.

బాపు జీవితమంతా లారీ నడిపాడు. ఆదిలాబాద్ నుంచి పత్తి బేళ్లు వేసుకుని మహారాష్ట్ర వెళ్లేవాడు. సరిహద్దు అంటే ఆయనకు తెలిసింది చెక్‌పోస్టు, దాని ముందు బారులు తీరిన బండ్లు, కిటికీలోంచి చేయి చాపే గుమస్తా. కట్టాల్సింది కట్టి కాగితం మీద ముద్ర వేయించుకుంటేనే అడ్డుకర్ర పైకి లేచేది. అందుకే ఆ రోజు పొద్దున్నే స్నానం చేసి, పాస్‌పోర్టు, ఇన్సూరెన్సు, నేను పంపిన ఆహ్వాన పత్రం అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో సర్ది, చొక్కా లోపల పెట్టుకుని తయారయ్యాడు.

జర్మనీ వైపు చివరిదైన ఫోర్స్ట్ స్టేషను దాటగానే నైసె నది మీద వంతెన వస్తుంది. అవతలి ఒడ్డు పోలండ్. బాపు కిటికీ అద్దానికి ముఖం ఆనించి చూస్తున్నాడు.

"చెక్‌పోస్టు ఏడొస్తది బిడ్డా?"

"దాటొచ్చినం బాపూ. గా వంతెననే."

ఆయన నమ్మలేదు. ఎవరూ ఆపకుండా, ఏమీ అడగకుండా ఇంకో దేశంలోకి వచ్చేయడం ఆయనకేదో దొంగతనంలా తోచింది. కాసేపు ఇబ్బందిగా కదిలాడు. తిరుగు ప్రయాణంలో పోలీసులు తనిఖీ చేస్తారని చెప్పాక గానీ ముఖం తేటపడలేదు.

క్షవరం చేసింది ఒక పోలిష్ ఆవిడ. ఆడమనిషి తన తల ముట్టుకోవడం బాపుకు కొత్త. ఆవిడ చెవుల మీది వెంట్రుకలు కూడా ఓపిగ్గా తీస్తుంటే, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు.

సాయంత్రం తిరుగు రైలు ఫోర్స్ట్‌లో ఆగింది. ఇద్దరు పోలీసులెక్కారు. ముందు ఒక అమ్మాయి, వెనక పెద్దవయసాయన. నా రెసిడెన్స్ కార్డు చూసి ఇచ్చేశాక ఆ అమ్మాయి బాపు వైపు తిరిగింది. బాపు లేచి నిలబడి, పాస్‌పోర్టు రెండు చేతులతో అందించాడు. ఆమె తెరిచి అలాగే ఆగిపోయింది. లోపల మడతపెట్టిన ఇరవై యూరోల నోటుంది.

ఈ డబ్బెవరిది, ఇందులో ఎందుకుందని జర్మన్‌లో అడిగింది. గొంతులో మెత్తదనం లేదు. పోలీసుకు డబ్బివ్వబోవడం ఇక్కడ ఎంత పెద్ద నేరమో నాకు తెలుసు. ఆయన వీసా ఏమవుతుందో, మళ్లీ రానిస్తారో లేదో అన్నీ ఒక్కసారే తలలో తిరిగాయి. ఇదేంటని బాపును అడిగాను.

ఆయన నిదానంగా చెప్పాడు. "బార్డర్ దాటేటందుకు కడ్తరు గద, గదే. సరిపోతదో లేదో అడుగు. రసీదు ఇయ్యమను."

ఆయనన్నది అన్నట్టే జర్మన్‌లో చెప్పాను. లారీ డ్రైవరని, మా దగ్గర రాష్ట్రం దాటేటప్పుడు బండ్లు రుసుము కట్టేవని, ఇక్కడా అంతే అనుకున్నాడని చెప్పాను. రసీదు దగ్గరికొచ్చేసరికి ఆమె నన్ను ఆపింది. నిజంగా రసీదు అడిగాడా అంది. ఆమె దేని గురించి అడుగుతోందో బాపుకు అర్థమైనట్టుంది. అవునని తలూపి, పిడికిలితో అరచేతి మీద ముద్ర వేసి చూపించాడు. వెనకనున్న పెద్దాయన నవ్వేశాడు. లంచమిచ్చేవాడు రసీదడగడు అన్నాడు ఆమెతో. కాసేపటికి ఆమె కూడా నవ్వింది. ఇక్కడ ప్రయాణికులు కట్టేదేమీ ఉండదని చెప్పి, నోటు నా చేతిలో పెట్టింది. ఇంకెప్పుడూ పాస్‌పోర్టులో డబ్బు పెట్టొద్దని ఆయనకు అర్థమయ్యేలా చెప్పమంది.

రైలు కదిలాక, వాళ్లెందుకు నవ్వారని బాపు అడిగాడు. చెప్పాను. ఆయన మొహం చిన్నబోయింది.

"లంచమనుకున్నరా? రసీదు లేకుండ నేనేనాడు రూపాయియ్యలె బిడ్డా. గందుకే చెక్‌పోస్టుల నన్ను అందరికంటె ఎనుక ఇడిశెటోళ్లు."

ఆ మాట నేనెప్పుడూ వినలేదు. మా వాడకట్టులోని మిగతా లారీలన్నీ వచ్చేసినా బాపు లారీ వచ్చేది కాదు. అమ్మ గడప దాకా వచ్చి చూసి లోపలికి వెళ్లేది. బాపు బండి నెమ్మదిగా నడుపుతాడు కాబోలని నేననుకునేదాన్ని. ఆయన దగ్గరికి జరిగి చేయి పట్టుకున్నాను. అంతసేపు అక్కడ ఏం చేసేవాడివని అడిగాను.

దాంతో ఆయనలో హుషారొచ్చింది. లారీ నీడలో మూడు రాళ్లు పెట్టి టమాటా కూర వండిన సంగతి, జొన్నరొట్టె చేత్తో తట్టడం నేర్పిన మరాఠీ డ్రైవరు సంగతి, ఆ డ్రైవరు తన కూతురికి కొన్న గాజులు చూపిస్తే, అదే రంగువి నాకూ కొనుక్కొచ్చిన సంగతి చెబుతూ పోయాడు. కాట్‌బస్‌లో దిగాక కూడా ఆపలేదు. ప్లాట్‌ఫారం మీద జనమంతా వెళ్లిపోయారు. ఆ మరాఠీ డ్రైవరు బేరమాడి గాజుల ధర ఎలా తగ్గించాడో బాపు చేతులు తిప్పుతూ చెబుతుంటే, నేను తొందరపెట్టకుండా అక్కడే నిలబడి విన్నాను.