అడగకుండా తీసిన ఫోటో

మా మేనత్త పోయిన సంగతి నాకు ఒక ఫోటోతో తెలిసింది. మా నాన్న ఫోన్ చేసేలోపే అది వాట్సాప్‌లో వచ్చేసింది. ఆసుపత్రి మంచం, కిటికీలోంచి ఏటవాలుగా పడుతున్న ఎండ, జుట్టు ఊడిపోయిన తల, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతున్న మా అత్త. ఆమె ఆత్మకు శాంతి కలగాలని రాసి, తీసినాయన కింద తన పేరు కూడా వేసుకున్నాడు. వెలుగు ఎంత బాగా పట్టారో అని ఆయన స్నేహితులు మెచ్చుకుంటూ రాసిన మాటలు వరసగా వస్తూనే ఉన్నాయి. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు, తగ్గించుకోవాలని కూడా నాకు లేదు.

ఎందుకు అంత కోపమో తెలియాలంటే మా అత్త గురించి కొంచెం చెప్పాలి. ఆమె కోలారు బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్.లో బ్యాంకు గుమస్తాగా పనిచేసి రిటైరైంది. ఆదివారం వచ్చిందంటే కెమెరా సంచి భుజాన వేసుకుని బయటపడేది. ఒక వారం మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పూల మార్కెట్‌కు, ఒక వారం బస్సులో క్యాసంబళ్ళికి, ఓపిక లేకపోతే రాబర్ట్‌సన్‌పేట వీధుల్లోనే. నాకు వీలున్నప్పుడల్లా వెంట వెళ్ళేదాన్ని. ఆ సంచిలో కెమెరాతో పాటు చేతి అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా, కొన్ని పిన్నీసులు ఉండేవి. అవి తనకోసం కాదు.

ఎవరినైనా ఫోటో తీయాలనిపిస్తే ఆమె ముందు కెమెరాను కిందికి దించేది. "అమ్మా, మీ ఫోటో ఒకటి తీసుకుంటాను, ఇష్టమేనా?" అని అడిగేది. మా వైపు ఎవరిని అడిగినా దానికి ఒకటే జవాబు వస్తుంది. "ఉండమ్మా, మొగం కడుక్కోని వస్తాను." బయటినుంచి వచ్చే ఫోటోగ్రాఫర్లకు ఇది గిట్టదు. వద్దు వద్దు, అలాగే ఉండండి, సహజంగా ఉండండి అని కంగారుపడతారు. మా అత్త మాత్రం అక్కడే అరుగు మీద చతికిలబడేది. "కడుక్కోని రా అమ్మా. చీర మార్చుకోవాలంటే మార్చుకో. మేము యాడికీ పోము." ఆమె అద్దం చేతికిచ్చి, పైట మడతకు పిన్నీసు పెట్టి, అప్పుడు తీసేది. తీశాక తెరమీద చూపించేది. నచ్చలేదంటే వాళ్ళ కళ్ళముందే చెరిపేసేది.

ఒకసారి రైల్లో ఒక తల్లి, ఒళ్ళో తల పెట్టుకున్న కూతురి జడ విప్పి దువ్వుతోంది. కిటికీ వెలుగు ఇద్దరి మీదా పడుతోంది. అత్త అడిగింది. "వద్దక్కా, ఇంట్లో ఒప్పుకోరు" అందామె. అత్త కెమెరా సంచిలో పెట్టేసి, ఆ పిల్ల చదువు గురించి అడుగుతూ కూర్చుంది. దిగాక, అంత మంచి ఫోటో పోయింది కదత్తా అన్నాను. "పోతే పోనీ పాపా. ఆయమ్మ వద్దనింది. ఇంగ నాకు దాంట్లో ఏముండాది?" అని టీ కొట్టు వైపు నడిచింది.

ఈ పద్ధతి వల్ల ఆమెకు బెంగళూరులోని కెమెరా క్లబ్బులో పేరు రాలేదు సరికదా, తగాదాలు వచ్చాయి. ఆవని అనే కొండ ఊరికి క్లబ్బువాళ్ళతో కలిసి వెళ్ళిన రోజు నాకు బాగా గుర్తు. కొండ కింద ఒక ముసలామె రాగి గడ్డి మోపు నెత్తిన పెట్టుకుని వస్తోంది. క్లబ్బువాళ్ళు ఆమెను వెనక్కి వెళ్ళి మళ్ళీ నడిచి రమ్మన్నారు. వెలుగు కుదరలేదని ఇంకోసారి రమ్మన్నారు. "ఇంగ చాలు స్వామీ, మెడ నొస్తా ఉండాది" అందామె. ఒకాయన, "ఒక్కసారి అజ్జీ, ఆ చెప్పులు విప్పేసి" అన్నాడు. అత్త విసవిసా వెళ్ళి మోపు పట్టి దింపించింది. "చెప్పులెందుకయ్యా విప్పేది? కాళ్ళు కాలేది నీకా, ఆయమ్మకా?" అని అందరి ముందే కడిగేసింది.

తర్వాత ఆ ముసలామెను మామూలుగానే అడిగింది. ముసలామె ఇంటికెళ్ళి, కొడుకు పెళ్ళికి కట్టుకున్న చీర కట్టుకొచ్చింది. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని తన సీమావు పక్కన వేయించుకుంది. అంతలో ఆవును చూసి, "దీన్నీ కడగల్ల కదమ్మా" అంది. కడిగారు. మా అత్త కూడా బకెట్టుతో నీళ్ళు పోసింది. అప్పటికి ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆ ఫోటోను క్లబ్బు పోటీకి పంపితే, ఇందులో జీవం లేదని పక్కన పెట్టేశారు. "జీవం ఆయమ్మకుండాది. ఫోటోకు లేకపోతే మునిగిపోయిందేముంది?" అని ఫోటో చంకన పెట్టుకుని వచ్చేసింది. మరుసటి వారం ఆవని వెళ్ళి ముసలామె చేతికే ఇచ్చింది.

మా ఊరి ఫోటోల కోసం వచ్చేవాళ్ళతోనూ ఆమెకు పడేది కాదు. గనులు మూతబడ్డాయి కాబట్టి తుప్పుపట్టిన ఇనుము, పగిలిన గోడలు తీసుకుని పోతుంటారు. ఊరు చచ్చిపోయింది కదా మేడమ్ అని ఒకతను జాలిపడితే ఆమె ఊరుకోలేదు. "పొద్దున రైలు చూసినావా అప్పా? నిలబడేదానికి చోటు లేదు. చచ్చినోళ్ళంతా యాడికి పోతా ఉండారు పనికి?" అతను నవ్వేశాడు. ఆమె నవ్వలేదు.

అలాంటి మనిషిని నిద్రలో ఉండగా తీశారు. బత్తాయిలు పట్టుకుని పరామర్శకు వచ్చిన క్లబ్బు స్నేహితుడే తీశాడు. నేను ఆయనకు ఫోన్ చేశాను.

"అది నేను ఆమెకిచ్చే నివాళి అమ్మా. ఆ కాంతి చూశారా?" అన్నాడు.

"అడిగినారా సార్?"

"నిద్రపోతున్నారు కదా."

"లేచిందాకా కూచోని ఉండల్ల."

"జుట్టు లేదనా మీ బాధ? అందులోనూ ఒక అందం ఉందమ్మా."

జుట్టు గొడవ కాదది. మందులకు జుట్టంతా రాలిపోయాక, ఆసుపత్రిలో చేరకముందు ఒక ఆదివారం అత్త నన్ను పిలిపించింది. "పాపా, నా ఫోటో తీయల్ల. నేను పోతే అదే పెట్టండి" అంది. ఆమె పట్టుచీర కట్టుకుని, పౌడరు వేసుకుని, పెద్ద బొట్టు పెట్టుకుని పెరట్లో ఎండలో కుర్చీ వేసుకుంది. తలకు ఏమైనా కట్టుకుంటావా అత్తా అని అడిగాను. "వద్దు. నువ్వడిగినావు, నేను వద్దన్నాను. అంతే" అంది. ఆమెకు తన బోడితల మీద సిగ్గు లేదు. తనను అడగాలి, అంతే ఆమె కోరింది.

ఇదంతా ఆయనకు చెప్పాను. ఆయన చాలాసేపు కళ గురించి మాట్లాడాడు. నేను ఒకటే మాట మీద ఉన్నాను. చివరికి విసుక్కుంటూ తను పెట్టిన ఫోటోను తీసేశాడు. కానీ అప్పటికే అది చాలా ఫోన్లకు పాకిపోయింది. ఈ నాలుగు మాటలు రాస్తున్నది అందుకే. ఆ ఫోటో మీ దాకా వచ్చి ఉంటే దయచేసి చెరిపేయండి. ఎంత బాగున్నా చెరిపేయండి. ఆమె అంతకంటే మంచివి చెరిపింది.

కర్మలకు పెట్టేందుకు పెరట్లో తీసిన ఫోటోనే స్టూడియోకు తీసుకెళ్ళాను. స్టూడియో అబ్బాయి మంచివాడు, సాయం చేయాలనే చూశాడు. "అక్కా, జుట్టు పెట్టేస్తాను. వెనక నీలం రంగు వేస్తాను. ఈ నీడ కూడా తీసేద్దామా?" అన్నాడు. అప్పుడు చూశాను. అత్త పాదాల మీంచి ఒడి దాకా నా నీడ పడి ఉంది, మోచేతులు రెండు పక్కలకీ ఎత్తి. తీసేటప్పుడు నేను గమనించలేదు. ఏదీ ముట్టుకోవద్దన్నాను.

ఇప్పుడు ఆ ఫోటో మా హాల్లో ఉంది. ఒళ్ళోని నీడ కనబడేలా పటానికి వేసిన దండను కొంచెం కిందికి జార్చాను. ఫోటో తీసిన రోజు అత్త నన్ను కెమెరా సరిగ్గా పట్టుకోమంది, గడ్డం ఎత్తాలా అంది, త్వరగా కానీ అంది. నా నీడ తన ఒళ్ళో పడటం ఆమె చూడకుండా ఉండదు. పక్కకు జరగమని మాత్రం అనలేదు.